మూడు కలలు నిజమైతే భవిష్యత్తు ముందే తెలిసినట్లేనా?

మీకు వచ్చిన మూడు కలలు నిజమయ్యాయని, భవిష్యత్తు ముందే తెలిసిపోతోందా అని అడుగుతూ ఉత్తరం రాశారు. అవి నిజమైనట్లు తోచడానికి కారణం బహుశా ఇది: ఫలించిన కలలు మనసులో నిలిచిపోతాయి, ఫలించనివి తెల్లవారేసరికి మరుగున పడిపోతాయి. రాత్రి నిద్రపోవడానికే భయమేస్తోందని రాశారు కనుక, ఈ విషయాన్ని ఊరికే కొట్టిపారేయకుండా పరీక్షించి చూసుకోవడమే మంచిది.

భవిష్యత్తును చెప్పడం అసాధ్యమేమీ కాదు. ఒక తోకచుక్క 1758లో మళ్లీ వస్తుందని ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1705లోనే లెక్కగట్టి చెప్పగా, ఆయన మరణానంతరం, 1758 డిసెంబరు 25న అది కనిపించింది. ఆ మాటకు లెక్క ఉంది, గడువు ఉంది, తప్పితే తప్పిందని తేలిపోయే వీలూ ఉంది. మీ కలలకు లోపించినది ఈ చివరిదే. కనుక ఇకపై వచ్చే కలలను ఇలా పరీక్షించండి:

1. మెలకువ రాగానే, ఎవరికీ చెప్పకముందే, కలను తేదీతో సహా రాయండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఏది జరగకపోతే కల తప్పినట్లో కూడా అప్పుడే రాయాలి. “అన్నయ్యకు ఏదో అవుతుంది” అని రాస్తే, ఆయనకు జలుబు చేసినా, ఉద్యోగం మారినా కల ఫలించినట్లే అనిపిస్తుంది. “పదిహేను రోజుల్లోగా అన్నయ్య కాలు విరుగుతుంది, విరగకపోతే తప్పు” అని రాస్తే సందేహానికి చోటుండదు.

3. రాసినదాన్ని తరువాత దిద్దకండి.

4. గడువు తీరిన రోజున ఒప్పులతోపాటు తప్పులనూ లెక్కపెట్టండి. ముప్పై కలలైనా పోగయ్యేదాకా ఏ నిర్ణయానికీ రాకండి.