ఐరిస్ దుంపకి చలి భయం లేదు, చెమ్మే భయం

చలిదేశంలో కొత్తగా పెరడున్న ఇల్లు తీసుకున్నవాళ్లు నవంబరు వచ్చేసరికి నన్ను అడిగేది ఇదే: ఐరిస్ పూలమొక్కల దుంపలు తవ్వేశాం, నాటేలోపే మంచు మొదలైంది, వసంతం దాకా ఎలా దాచాలి?

ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మొక్కకి చలేస్తుందని మనకి బెంగ. అందుకే ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెచ్చటి గదిలో పెట్టేస్తాం. మొదటి ఏడాది నేనూ అలాగే పెట్టాను. జనవరిలో సంచి విప్పితే గుప్పున కుళ్లు కంపు. దుంప పట్టుకుంటే లోపలి గుజ్జంతా వేళ్ల మధ్యనుంచి జారిపోయి, తొక్క ఒక్కటే చేతిలో మిగిలింది. అది చలి చేసిన పని కాదు. చెమ్మ, వెచ్చదనం కలిస్తే బాక్టీరియా చేసే పని.

ముందు పెరట్లోకి వెళ్లి పార దిగుతుందేమో చూడండి. నేల ఇంకా గడ్డకట్టకపోతే దాచే ఆలోచనే వద్దు, నాటేయండి. వేళ్లు పట్టుకోని దుంపని మంచు పైకి నెట్టేస్తుంది కాబట్టి, నేల బాగా గట్టిపడ్డాక పైన ఎండుగడ్డి పలచగా పరచండి. తడి ఆకులు మాత్రం కప్పొద్దు.

పార దిగకపోతే కుండీలే నాకు నమ్మకం. ఇసుక కలిపిన మట్టిలో దుంప వీపు పైకి కనపడేలా పెట్టి, హీటరు లేని గ్యారేజీలో ఉంచండి. మట్టి పూర్తిగా ఎండితే కాసిని నీళ్లు చాలు. ఆ చలి దానికి కావాలి కూడా, అది తగలకపోతే పూలు సరిగా రావు.

కుండీలకి చోటు లేదా, అప్పుడు పొడిగా దాచండి. ఆకులు ఆరంగుళాలకి కత్తిరించి, మట్టి దులిపి, నీడలో గాలి తగిలేచోట వారం రోజులు ఆరనివ్వండి. రసం చర్మానికి దురద పెడుతుంది, గ్లవ్స్ వేసుకోండి. బొటనవేలితో ప్రతి దుంపా నొక్కి చూడండి. మెత్తబడ్డచోట గట్టి భాగం దాకా కోసేసి, కోత ఎండాకే పెట్టాలి. ఒక్కోదాన్ని కాగితంలో వదులుగా చుట్టి అట్టపెట్టెలో పరవండి, మూత బిగించొద్దు. 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ఉండే చోటు మంచిది. రెండు వారాలకోసారి తీసి చూడండి. కొంచెం ముడతలు పడితే కంగారేం లేదు. కానీ నెలలు గడిచేకొద్దీ దుంపలో బలం తగ్గిపోతుంది. అందుకే ఇది ఆఖరి దారి అంటున్నాను.

ఇదంతా రేకుల మీద గొంగళిపురుగులా నూగుండే బియర్డెడ్ ఐరిస్ సంగతి. సన్నటి గడ్డిలాంటి ఆకులుండే సైబీరియన్ ఐరిస్‌ని ఇలా ఎండబెడితే చచ్చిపోతుంది. దాని వేళ్లు ఎప్పుడూ తడిగా ఉండాలి, తడిమట్టి కుండీయే దాని చోటు.

వసంతంలో నేల వదులవ్వగానే నాటేయండి. ఆ ఏడాది పూయకపోవచ్చు. పూయలేదని మళ్లీ తవ్వకండి.