రిసెప్షన్‌కి జుట్టు వదులుకుంటానన్న సింధుకి

చిరంజీవి సింధుకి పెద్దమ్మ ఆశీస్సులు.

అన్నయ్య రిసెప్షన్‌కి జుట్టు అలలు అలలుగా వచ్చేలా చేసుకుని వదిలేసుకుంటానని అన్నావు. ఫోటో కూడా పంపావు, చూశాను. ఆ సాయంత్రం పార్లర్‌కి పరిగెత్తే తీరిక నీకు ఉండదు, నీ వెనక నిలబడి చేసే తీరిక నాకు ఉండదు. పెళ్లికొడుకు తల్లిని, ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. అందుకే నాకు తెలిసినదంతా ముందుగానే రాస్తున్నాను. హాస్టల్లో ఒక ఆదివారం చేసి చూసుకుంటే ఇక్కడ తడుముకోవు.

మొదట ఆ ఫోటో సంగతి. ఆ అమ్మాయి తల మీద ఉన్నదంతా ఆమె జుట్టే అనుకోకు. చెవుల కింద ఒక్కసారిగా అంత ఒత్తు వచ్చిందంటే లోపల సవరాలు పెట్టారన్నమాట. తిరుమలలో మనవాళ్లు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అవి విగ్గులుగా, సవరాలుగా మారి దేశదేశాలకు వెళతాయి. అలాంటి ఒత్తు నీకు రాలేదని ఏడవకు. నీది మీ అమ్మ జుట్టు. దళసరిగా, తిన్నగా, బరువుగా ఉంటుంది. అలలు వస్తాయి, కానీ నిలబెట్టడంలోనే ఉంది పనంతా.

అవి ఎందుకు నిలవవో తెలిస్తే ఎలా నిలబెట్టాలో తెలుస్తుంది. వెంట్రుకలో ఉన్నది కెరటిన్ అనే ప్రొటీన్. దాని పోగులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలనేవి నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరగానే మళ్లీ కలుస్తాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే కలుస్తాయి. వేడి చేసే పనీ అదే, కాకపోతే క్షణాల్లో చేస్తుంది. ఇస్త్రీ చేసిన నూలు చీర మడత చెమ్మ తగిలితే పోయినట్టే ఈ వంపు కూడా చెమ్మకు పోతుంది. మా విశాఖలో వైశాఖమాసం గాలి ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? హైదరాబాద్‌లో రోజంతా ఉన్న అలలు ఇక్కడ రెండు మూడు గంటలకే జారిపోతాయి. ఆదివారం బాగా వచ్చాయని ధీమా పడకు.

అందుకే నేను స్ట్రెయిట్‌నర్ కంటే జడనే నమ్ముతాను. రాత్రంతా జడలో ఉండి ఆరిన జుట్టు మొండిగా నిలుస్తుంది, పైగా మాడదు.

ముందు రోజు తలంటు పోసుకో. నూనె పెట్టాలంటే అంతకు ముందు రాత్రే పెట్టుకో. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటులో పోయే ప్రొటీన్‌ను కొంత ఆపుతుంది. కానీ తలంటాక మళ్లీ రాసుకుంటే జుట్టు బరువెక్కి అలలు కూర్చోవు. కుంకుడుకాయ దొరికితే మరీ మంచిది, జుట్టుకు కాస్త గరుకు వచ్చి జడ పట్టు ఉంటుంది. కండిషనర్ వాడితే చెవుల కిందికే. మీ హాస్టల్ బోరు నీళ్లకు జుట్టు పీచులా ఉందని అన్నావు కదా, చివరి చెంబు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసుకో.

టర్కీ తువ్వాలుతో రుద్దకు. పాత నూలు చీర ముక్కతో ఒత్తి నీరు పిండి, ఫ్యాన్ కింద ఆరనివ్వు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఎప్పుడు జడ వేయాలి? పాయను గుప్పిట పట్టుకుంటే చల్లగా తగలాలి, అరచేతికి తడి మాత్రం అంటకూడదు. అంతకంటే తడిగా ఉన్నప్పుడు వేస్తే ఈ ఊళ్లో తెల్లారేదాకా కూడా జడ నడుమ ఆరదు. పైన ఆరినట్టే ఉంటుంది, విప్పిన పది నిమిషాల్లో తిన్నగా వేలాడుతుంది. మాడు దగ్గర ముక్కిన వాసన కూడా వస్తుంది. మరీ ఆరిపోయాక వేస్తే వంపే రాదు.

జడ వేసే ముందు పొడవునా కొంచెం అవిసె గింజల జెల్ రాయి. రెండు చెంచాల గింజలు కప్పున్నర నీళ్లలో వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు మరిగిస్తే గరిటె ఎత్తినప్పుడు తీగలా సాగుతుంది. వేడి మీదే పల్చని గుడ్డలో వడకట్టేయాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఉప్పునీళ్ల స్ప్రే గురించి అడిగావు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చిన్న చెంచా ఉప్పు, కాస్త కలబంద గుజ్జు కలిపితే అదే స్ప్రే. ఆర్కే బీచ్ నుంచి సీసాలో పట్టుకు రానక్కర్లేదు. కానీ ఉప్పు జుట్టును ఎండబెడుతుంది, ఈ ఊరి గాలిలోని చెమ్మను లాక్కుని జిగటగా కూడా చేస్తుంది. నా మాట విని అవిసెతోనే సరిపెట్టుకో.

ఎన్ని జడలు వేస్తే అలలు అంత సన్నగా వస్తాయి. ఒక్క జడకు పెద్ద పెద్ద వంపులు వస్తాయి, నీ బరువు జుట్టుకు అవి నిలవవు. పది వేస్తే గిజిగిజిగా తయారవుతుంది. నీకు నాలుగు చాలు. పక్క పాపిట తీసుకో, ముందు రెండు, వెనక రెండు. మాడు దగ్గరి నుంచే బిగించకుండా చెవి మట్టం దాకా వదిలేసి అక్కడ మొదలుపెట్టు. పైన నునుపుగా, కింద అలలుగా ఉంటేనే సహజంగా కనిపిస్తుంది. ముందు జడలను ముఖానికి దూరంగా, వెనక్కి తిప్పుతూ అల్లు. చివర రెండు వేళ్ల మేర అల్లకుండా వదిలేయి, గుడ్డ బ్యాండ్‌తో కట్టు. చివర్లు చుట్టుకున్నాయా, అది అల కాదు, రింగు.

పొద్దున్న సత్యనారాయణ వ్రతం ఉంది. ఆ జడలు విప్పకుండా నాలుగింటినీ కలిపి వెనక వదులుగా ముడి చుట్టుకో. చూసేవాళ్లకు కొప్పులాగే ఉంటుంది. జుట్టు విరబోసుకోవద్దనే మీ అమ్మమ్మకు సంతోషం, నీ అలలకు ఇంకో అర పూట గడువు. హోమం పొగకు, చెమటకు జాగ్రత్తగా ఉండు. మెడ వెనక తడిస్తే అక్కడి అలలు ముందుగా పోతాయి.

సాయంత్రం జాకెట్టు తొడుక్కున్నాకే విప్పు. ముందే విప్పి, తర్వాత మెడలోంచి బట్టలు లాగితే చేసిందంతా చెదిరిపోతుంది. విప్పాక దువ్వెన ముట్టకు. తల వంచి, వేళ్లు కింది నుంచి లోపలికి పోనిచ్చి మెల్లగా విడదీయి. మొదటి పది నిమిషాలు మరీ గట్టిగా, మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కంగారుపడి తడి చెయ్యి పెట్టకు, వాటంతట అవే సర్దుకుంటాయి.

స్ట్రెయిట్‌నర్ అవసరమైతే ముఖం పక్కన రెండు పాయలకు, పైన మాట వినని ఒకటి రెండింటికి మాత్రమే. వేడి 160 డిగ్రీల దగ్గర పెట్టుకో. మొండి పాయైతే 170, 180. రెండు వందలు దాటించే పని నీకు లేదు. అంకెలు లేని చవక రకమైతే ముందు తెల్లని టిష్యూ కాగితాన్ని నొక్కి చూడు. కాగితం పసుపు తిరిగితే తీసేసి కాస్త చల్లారనివ్వు. రెండు వేళ్ల వెడల్పు పాయ తీసుకుని, కుదుళ్లకు నాలుగు వేళ్ల కింద పట్టి, సగం తిప్పి, ఆగకుండా కిందికి జార్చు. అంగుళం చివరను వదిలేయి. వచ్చిన పాయను అరచేతిలో చుట్టగా పట్టుకుని చల్లారేదాకా ఉంచు. మా పార్లర్‌లో నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలందరూ ఇక్కడే తొందరపడేవారు. వంపు వేడిలో వస్తుంది, చల్లారేటప్పుడు కుదురుకుంటుంది. వేడిగా ఉండగానే వేలాడదీస్తే బరువుకు తిన్నగా అయిపోతుంది.

జుట్టు మీద ‘సుయ్’మని శబ్దం వస్తే వెంటనే తీసేయి. లోపల తడి ఉందని అర్థం. ఆ నీరు ఆవిరై వెంట్రుక లోపల బుడగలు కడుతుంది, తర్వాత అక్కడే పుటుక్కున తెగుతుంది. హెయిర్ స్ప్రే ఎప్పుడైనా ఆఖరున, మూరెడు దూరం నుంచి. స్ప్రే కొట్టాక మళ్లీ స్ట్రెయిట్‌నర్ పెట్టకూడదు.

పూల సంగతి ఎవరూ చెప్పరు, అందుకని చెబుతున్నాను. పూలమ్మే ఆవిడ మల్లెలు వాడకుండా నీళ్లు చిలకరిస్తూనే ఉంటుంది. ఆ దండ అలల మీద పడితే తగిలినంత మేర తిన్నగా అయిపోతుంది. ముందే కొని పొడి గుడ్డ మీద ఆరబెట్టుకో. పైభాగం జుట్టు వెనక క్లిప్‌తో పట్టి, ఆ క్లిప్ మీదే జానెడు దండ పెట్టు, కిందికి వేలాడనివ్వకు. మెడలో కాసులపేరు వేసుకోవద్దు, కొక్కేలకు జుట్టు చిక్కుకుంటే మంటపంలో విడదీసేవాళ్లు ఉండరు. పొడుగు జుంకాలకూ అదే గొడవ.

రాత్రి ఇంటికొచ్చాక ఎంత నిద్ర వచ్చినా స్ప్రే కొట్టిన జుట్టును పొడిగా దువ్వకు. అరచేతుల్లో నాలుగు చుక్కలు కొబ్బరినూనె రుద్దుకుని, చివర్ల నుంచి పైకి వేళ్లతో చిక్కు తీసి, వదులుగా ఒక్క జడ వేసుకుని పడుకో. తలంటు మర్నాడు.

పెద్దపళ్ల దువ్వెన, క్లిప్పులు నా దగ్గర ఉన్నాయి, తెచ్చుకోకు. స్ట్రెయిట్‌నర్ మాత్రం తెచ్చుకో. విడిది గదిలో అద్దం పక్కన ప్లగ్ ఒక్కటే ఉంది. నాలుగు దాటితే ఆడపిల్లలందరూ అక్కడే బారులు తీరతారు, అంతకు ముందే నీ పని ముగించుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ