పాత స్నోమొబైల్ వేడెక్కాక స్పార్క్ పోతోందా? సీడీఐ ఆఖర్న కొనండి

మంచు మీద నడిపే ఈ బండి చల్లగా ఉన్నప్పుడు తాడు ఒకటి రెండుసార్లు లాగగానే స్టార్ట్ అవుతోంది, పావుగంట తిరిగాక ఆగిపోయి ఇంక స్పార్కే రావట్లేదు, సీడీఐ బాక్స్ (ప్లగ్గులకి స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చేయాలా అని అడిగారు కదా. ఆగండి. మేముండేది మిన్నెసోటాలో, నా దగ్గర తొంభైల నాటి టూ స్ట్రోక్ ట్విన్ (రెండు సిలిండర్ల) బండి ఉంది, సరిగ్గా ఇదే జబ్బు చేస్తే నేను ముందు ప్లగ్గులు మార్చా, తర్వాత సెకండ్ హ్యాండ్ సీడీఐ తెప్పించా, మంచులో పోసిన పన్నీరయింది.

ముందు కిల్ వైర్ల సంగతి చూడండి. ఈ పాత బళ్ళలో చాలావాటికి కీ, కిల్ స్విచ్, త్రాటిల్ దగ్గరుండే సేఫ్టీ స్విచ్ ఇవన్నీ ఇగ్నిషన్‌ని గ్రౌండ్ చేసి ఇంజన్ ఆపుతాయి, అంటే వాటిల్లో ఎక్కడ తడి చేరినా, ఎలక వైరు కొరికినా (ఎండాకాలమంతా షెడ్డులో బండి వాటిదే కదా) స్పార్క్ పోవచ్చు. స్పార్క్ పోయినప్పుడే సీడీఐ దగ్గర కిల్ వైరు కనెక్టర్ ఊడదీసి, స్టార్టర్ తాడు లాగి చూడండి, స్పార్క్ వచ్చిందా, గొడవంతా ఆ స్విచ్చుల్లోనో వాటి వైర్లలోనో ఉన్నట్టే. ఏ రంగు వైరో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. అది ఊడదీశాక కీ తిప్పినా ఇంజన్ ఆగదు, చోక్ పూర్తిగా లాగి ఆపాలి, అలాగే ట్రైల్ మీదకి మాత్రం వెళ్ళకండి, త్రాటిల్ ఇరుక్కుంటే అంతే సంగతులు.

స్పార్క్ చూడ్డం మన ఊళ్ళో ఆర్ఎక్స్ 100 మెకానిక్ చూసినట్టే, ప్లగ్ తీసి హెడ్‌కి ఆనించి. కానీ రెండు ప్లగ్గులూ ఆనాలి, ఒకదాని క్యాప్ గాల్లో వదిలేసి లాగితే బాగున్న సీడీఐ కూడా పోవచ్చు.

నా బండిలో స్విచ్చులు కాదు, స్టేటర్ (ఫ్లైవీల్ వెనక కరెంటు పుట్టించే కాయిల్స్). గ్యారేజ్‌లో మీటర్ పెడితే ఓమ్స్ మాన్యువల్లో రాసినట్టే చూపించేది, అందుకే రెండు వారాలు దాని మీద అనుమానమే రాలేదు. ఒకరోజు ఆగిపోయిన చోటే, చేతులు కొంకర్లు పోతుంటే హుడ్ ఎత్తి స్టేటర్ కనెక్టర్ విప్పి కొలిచా, సీడీఐకి కరెంటిచ్చే కాయిల్ ఓపెన్! ఇంటికి లాక్కొచ్చేసరికి మళ్ళీ మామూలే. లోపల తీగ తెగి, వేడికి విడిపోయి చల్లారాక కలుస్తోందన్నమాట. కాబట్టి మీటర్ వెంట పెట్టుకోండి, బండి చచ్చినప్పుడే కొలవండి. స్టేటర్ మార్చాల్సొస్తే ఫ్లైవీల్‌కి పుల్లర్ వాడండి, సుత్తితో కొడితే మాగ్నెట్లు పగుల్తాయి.

ఇంతకీ స్పార్క్ పోయేది ఒక సిలిండర్‌కా, రెండిటికీనా? రెండిటికీ ఒకేసారి పోతుంటే ప్లగ్గుల మీద డబ్బులు పెట్టకండి.