సొంత ఫండ్ కోసం ఇల్లు తాకట్టా?

ప్రశ్న: ఒక విశ్వవిద్యాలయ ఎండోమెంట్ (విరాళాలతో ఏర్పడిన నిధి) పెట్టుబడుల విభాగంలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. ఇద్దరు సహోద్యోగులతో కలిసి సొంత ఫండ్ పెట్టాలని ఆలోచన. నా వాటా సొమ్ముకు ఇంటి మీద అప్పు తీసుకోవచ్చా? చేతిలో రెండు నెలల ఖర్చులకు సరిపడా ఉంది. ఈ అనుభవానికి బయట ఇంకేం అవకాశాలున్నాయి?

జవాబు: ఇంటి జోలికి వెళ్లకండి. పెద్ద పెద్ద నిధులు చూసుకునేవాళ్లే సొంతింటి లెక్కలో ఇలా తప్పటడుగు వేస్తుంటారు, అందుకే మీకు జవాబు రాస్తున్నాను.

2008 చివర్లో హార్వర్డ్‌కు ఏమైందో మీకు నేను చెప్పాలా? ఆస్తులకు కొదవ లేదు. వాటిలో చాలావరకు వెంటనే అమ్ముకోలేనివి. నగదుకు కటకటై, బాండ్లు జారీచేసి 250 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. మీరు చేయబోతున్నదీ అదే. కాకపోతే మీకు హార్వర్డ్ పరపతి లేదు.

కొత్త ఫండ్‌కు డబ్బు సమీకరించడానికి ఏడాది, ఏడాదిన్నర పట్టడం మామూలే. మదుపరులు సంతకం పెట్టేదాకా, ఫండ్ నడిపినందుకు మీకు వచ్చే ఫీజు రాదు. ఈఎంఐ మాత్రం వచ్చే నెలే మొదలవుతుంది. మీరు పెట్టిన వాటా ఏళ్ల తరబడి వెనక్కి రాదు. రెండు నెలల ఖర్చుల డబ్బుతో ఇందులోకి దిగడం ధైర్యం కాదు, మొండితనం. ముందు పద్దెనిమిది నెలల ఇంటి ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పక్కన పెట్టండి. అందులోంచి ఫండ్‌కు ఒక్క పైసా వెళ్లకూడదు. రాజీనామాతో ఆఫీసు బీమా పోతుంది కాబట్టి సొంత పాలసీలు ఇప్పుడే తీసుకోండి.

అవకాశాలంటారా, ఫౌండేషన్లు, పెన్షన్ ఫండ్లు, సంపన్న కుటుంబాల సొమ్ము చూసుకునే ఫ్యామిలీ ఆఫీసులు, మీరు ఇన్నాళ్లూ డబ్బు అప్పగించిన మేనేజర్ల సంస్థలు ఉన్నాయి. యేల్ విశ్వవిద్యాలయ నిధి అధిపతి డేవిడ్ స్వెన్సన్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ప్రిన్స్‌టన్, ఎంఐటీ నిధులకు అధిపతులయ్యారు. అయితే ఆ కుర్చీలు తొందరగా ఖాళీ కావు. స్వెన్సనే 1985 నుంచి 2021లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. అలాగని ఉన్నచోటే ఉంటే టెన్షన్ లేదనుకోకండి. 2017లో హార్వర్డ్ తన పెట్టుబడుల సంస్థలోని దాదాపు 230 మందిలో సగం మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. వెళ్లినా ఉన్నా ఆ పద్దెనిమిది నెలల డబ్బు మీకు కావాల్సిందే.

భాగస్వాములు తొందరపెడితే తక్కువ వాటాతో చేరతానని చెప్పండి. మిగతాది రాబోయే ఫీజులోంచి జమచేసుకునే ఏర్పాటు అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో ఏడాదిన్నర జీతం తీసుకోండి.