గొంగడి ఊలుతో టోపీ అల్లొచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్తే. పోయిన ఏడాది కాలం చేసిన మా అత్తమ్మ, గొంగడి కోసమని వడికిన నల్ల ఊలు 3 ఉండలు అటక మీద దొరికాయి. ఆమె గుర్తుగా ఉంటుందని ఒక ఉండతో మా ఏడేళ్ళ బాబుకు టోపీ అల్లాను. అల్లిక నిలువుగా రాకుండా ఒక పక్కకు వాలిపోయింది. బాబేమో పెట్టుకున్న నిమిషానికే దురదంటూ తీసేశాడు. బాగా ఉతికితే మెత్తబడుతుందా? మిగిలిన రెండు ఉండలూ పాడుచేయాలని లేదు.
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం చదువుతుంటే మా నాయనమ్మ రాట్నం ముందు కూర్చున్నట్టే అనిపించింది. ఇంట్లో గొర్రె ఊలు వాసన, మగ్గం దగ్గర పోగుకు పెట్టే చింతగింజల గంజి వాసన. నేను సూదులు పట్టింది మాత్రం పఠాన్‌కోట్‌లో. మావారు సైన్యంలో ఉన్నప్పుడు పక్క క్వార్టర్‌లోని పంజాబీ ఆవిడ నేర్పింది. సెలవుల్లో ఇంటికొచ్చి, నాయనమ్మ వడికిన ఊలు తీసుకెళ్ళి మావారికి మఫ్లర్ అల్లాను. ఒక్క పూటకే ఆయన మెడంతా కందిపోయింది. నీ బాబు చెప్పిన దురద నిజం, వాణ్ని బలవంతపెట్టకు.

మన దక్కను గొర్రె ఊలు ముతకది. వెంట్రుక లావుగా ఉండడంతో దాని కొస చర్మానికి తగిలినప్పుడు వంగదు, గుచ్చుకుంటుంది. ఆ లావు ఎన్నిసార్లు ఉతికినా తగ్గదు. అయినా ఉతకాలి, మట్టీ జిడ్డూ పోవడానికి. గోరువెచ్చటి నీళ్ళలో కుంకుడు రసం కలిపి అరగంట నానబెట్టు. రుద్దకు, పిండకు. మళ్ళీ అదే వేడి ఉన్న నీళ్ళలో జాడించి, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడన ఆరెయ్యి. రుద్దితే ఊలు ముద్దకట్టి చిన్నదైపోతుంది.

ఇక వాలిపోవడం. అది నీ చేతి తప్పు కాదు. మీ అత్తమ్మ మగ్గానికని ఒంటి పోగు వడికారు, పురి గట్టిగా పెట్టారు. ఆ పురి విప్పుకోవాలని చూస్తుంది, అందుకే అల్లిక ఒక పక్కకు తిరుగుతుంది. మిగిలిన రెండు ఉండల కొసలూ కలిపి తకిలి (చేత్తో తిప్పే కదురు) మీద రెండు పేటలుగా పేను. ఏ వైపు తిప్పాలంటావా? జానెడు పోగు తీసుకుని వేళ్ళతో తిప్పి చూడు. ఏ వైపు తిప్పితే పురి విప్పుకుంటుందో, తకిలిని ఆ వైపే తిప్పాలి. పేనినదాన్ని మూరెడు మడిచి ఉచ్చులా వేలాడదీస్తే మెలిపడకుండా నిలవాలి. మెలిపడితే పాత పురో, పేనిన పురో ఎక్కువైనట్టు. తర్వాత చిలపగా (వదులు చుట్టగా) చుట్టి, తడిపి, ఒక రాత్రి వేలాడదీస్తే పురి కుదురుకుంటుంది.

దాంతో ఏం అల్లాలంటే, నా మాట విని బాబుకు నీళ్ళ సీసా సంచి అల్లు. ఒంటికి తగలదు, నీళ్ళ చల్లదనం కాసేపు నిలుస్తుంది, నానమ్మ ఊలు రోజూ బడికి వెళ్తుంది. 6వ నంబరు సూదులు, అంటే 5 మిల్లీమీటర్లవి తీసుకో. ముందు 20 కుట్లతో అరచేయంత ముక్క అల్లి, ఉతికి, ఆరాకే కొలువు. చేతితో వడికిన ఊలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఈ ముక్క అల్లకుండా ఎవరి లెక్కా నీకు సరిపోదు. 10 సెంటీమీటర్లకు 16 కుట్లు వచ్చాయనుకో, సీసా చుట్టుకొలత 22 అయితే 35 కుట్లు. రెండు నిట్ (మామూలు కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) అల్లికకు 4తో భాగం పోవాలి కాబట్టి 36 వెయ్యి. నిట్, పర్ల్ సమానంగా ఉంటే మిగిలిన కాస్త వాలు కూడా కనపడదు.

అల్లిన టోపీ విప్పకు. లోపల నుదురు తగిలేచోట నాలుగు వేళ్ళ వెడల్పున పాత బనియన్ బట్ట పట్టీ కుట్టు. మామూలు నూలు గుడ్డ సాగదు, టోపీ బిగుసుకుపోతుంది. బనియన్ బట్ట టోపీతోపాటే సాగుతుంది.

ఒక్క మాట బిడ్డా. మాంసం కోసం ఊలు లేని నెల్లూరు జాతి గొర్రెల్ని మందల్లో కలిపాక నల్ల ఊలు తగ్గిపోయింది, వడికే చేతులూ తగ్గాయి. మీ ఊళ్ళో ఇంకా వడికే అవ్వ ఎవరైనా ఉంటే తకిలి తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళు. ఊలు కొంటే బేరమాడకు.

ప్రశ్న: మేడమ్, రిటైరయ్యాక అల్లిక నేర్చుకుంటున్నాను. మా జిల్లా పొందూరు నూలుతో చిన్న వస్తువులు అల్లొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: అల్లొచ్చు మాస్టారూ. కానీ అది ధోవతులకు, చీరలకు వడికే సన్నటి పోగు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వేంత ఓపిక ఉంది దాని వెనక. చాలా పోగులు కలిపి పేనితేగానీ సూదికి ఆనదు. నూలుకు ఊలులా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, కాబట్టి టోపీ, మేజోళ్ళ జోలికి పోకండి. కళ్ళజోడు సంచీ, పుస్తకంలో పెట్టుకునే పట్టీ చక్కగా వస్తాయి. సంచీకి 10వ నంబరు సూదులు, అంటే 3.25 మిల్లీమీటర్లవి వాడండి, అల్లిక దగ్గరగా పడుతుంది.