సలహాల పెట్టె ఎందుకు ఖాళీగా ఉంది?

ప్రశ్న: మా పార్సిల్ సర్వీసులో 22 మంది పనిచేస్తారు. సలహాల పెట్టె పెట్టి ఆరు నెలలైనా ఒక్క కాగితమూ పడలేదు. మావాళ్లకు ఆలోచనలే రావా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వస్తాయండీ, మీ దాకా రావు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక హోటల్లో నేను పదేళ్లు మేనేజరుగా ఉన్నాను. చేపల పులుసు పార్సిల్ కారిపోతోందని రోజూ తిట్లే. మూత కింద అరిటాకు ముక్క వేస్తే కారదని బల్లలు తుడిచే కుర్రాడికి తెలుసు, రెండేళ్లు చెప్పలేదు. అడిగితే, ‘మొదట్లో ఏదో చెప్పబోతే నీ పని చూసుకో అన్నారు కదండీ’ అన్నాడు. అన్నది నేనే.

అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను 1990లలో పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు ఒక వింత కనిపించింది. మంచి బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ తప్పు చెప్పుకోవడానికి భయం తక్కువ, అంతే.

మీ సరుకు ఎక్కడ నలుగుతోందో మీకంటే ముందు తెలిసేది దించేవాళ్లకే. సాయంత్రం లారీ దించేటప్పుడు పది నిమిషాలు వాళ్ల పక్కన నిలబడండి. చిన్న నష్టాలకు మిమ్మల్ని అడగకుండా పరిహారం ఇచ్చే అధికారం కౌంటరులో ఉన్నవారికి ఇవ్వండి. మొదటి సలహా పిచ్చిదైనా ఒక వారం అమలు చేసి చూడండి. పెట్టెను పారేయకండి, రసీదు పుస్తకాలు దాచుకోవడానికి పనికొస్తుంది.