తక్కువ బడ్జెట్‌లో పదహారో శతాబ్దపు మత గ్రంథాలు సేకరించడం ఎలా?

జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను, తొలినాళ్ల అచ్చు బైబిళ్లంటే ఇష్టం, చేతిలో పెద్దగా డబ్బు లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేనూ ఇక్కడే ఉంటూ కొన్నేళ్లుగా ఇలాంటివి కొంటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

గూటెన్‌బర్గ్ బైబిల్ (యూరప్‌లో అచ్చయిన తొలి పెద్ద పుస్తకం), 1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గ్‌లో వచ్చిన, మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి అనువదించిన కొత్త నిబంధన లాంటివి మ్యూజియంలో కళ్లారా చూడండి. అవి మన జీతాలకు అందేవి కావు. 1500 వరకు అచ్చయిన పుస్తకాలన్నీ దాదాపు ఖరీదే. మనకు అందేవి 1550 తర్వాత లియాన్, వెనిస్, ఆంట్‌వెర్ప్ లాంటి ఊళ్లలో వేసిన లాటిన్ ప్రసంగాలు, ట్రెంట్ మహాసభ (ఆ శతాబ్దంలో కాథలిక్ చర్చి పెద్దలు జరిపిన సభ) తీర్మానాలు. ఆ తీర్మానాలు 1564లో రోమ్‌లో వచ్చాక చిన్న సైజులో ఎన్నోసార్లు మళ్లీ వేశారు. అలాంటి తర్వాతి ముద్రణలు ఒక మంచి ఫోన్ ధరకే దొరుకుతుంటాయి.

తోలు బైండింగ్ చూసి మురిసిపోకండి. ఏవైనా పోయాయేమో తెలియడానికి ముందు ఆకులు లెక్కపెట్టండి. పుట అడుగున ఎ, ఎ2, ఎ3 అని చిన్న గుర్తులుంటాయి. వాటినే సిగ్నేచర్లు అంటారు. అచ్చు కాగితాన్ని ఎనిమిది ఆకులుగా మడిచే ఆక్టేవో సైజులో సాధారణంగా ఒక్కో అక్షరానికి ఎనిమిది ఆకులు, గుర్తులు మాత్రం మొదటి నాలుగైదింటికే ఉంటాయి. జె, డబ్ల్యూ కనబడలేదని టెన్షన్ పడొద్దు. అప్పటి అచ్చువాళ్లు 23 అక్షరాల లాటిన్ వర్ణమాలే వాడేవారు. మ్యూనిక్‌లోని బవేరియా స్టేట్ లైబ్రరీ తన పాత పుస్తకాలను పెద్ద సంఖ్యలో స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. అదే ముద్రణ అందులో దొరికితే ఆకు ఆకూ పోల్చుకోవచ్చు.

తర్వాత ప్రతి ఆకునూ వెలుతురుకి పట్టి చూడండి. గుడ్డపీలికలతో చేతితో తయారుచేసిన ఆ కాగితంలో సన్నటి గీతలు దగ్గరదగ్గరగా, వాటికి అడ్డంగా కాస్త ఎడంగా ఇంకొన్ని గీతలు కనిపిస్తాయి. ఎడంగా ఉండే గీతలు ఆక్టేవోలో నిలువుగా, నాలుగు ఆకులుగా మడిచే క్వార్టోలో అడ్డంగా ఉంటాయి. ఒక డీలర్ దగ్గర నేను చూసిన పుస్తకానికి ‘సంపూర్ణ ప్రతి’ అని చీటీ పెట్టారు. ముఖపత్రాన్ని (పుస్తకం పేరుండే మొదటి ఆకుని) కిటికీకి పట్టి చూస్తే ఒక్క గీత కూడా లేదు, నున్నటి కొత్త కాగితం. వేలితో తడిమితే అచ్చు ఒత్తిడి కూడా తెలియలేదు. అంటే పోయిన ఆకు బదులు కొత్తగా చేసిన నకలు పెట్టారన్నమాట. కొనకుండా వచ్చేశాను.

ఒక్క మాట గట్టిగా చెప్తాను: విడి ఆకులు కొనకండి. 1921లో న్యూయార్క్ డీలర్ గేబ్రియెల్ వెల్స్ కొన్ని ఆకులు పోయిన ఒక గూటెన్‌బర్గ్ బైబిల్‌ని విడదీసి ముక్కలుగా అమ్మాడు. కొనేవాళ్లు ఉన్నంతకాలం ఆ పని ఆగదు. నా దగ్గర స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చయిన పుస్తకం ఒకటుంది. చర్చి పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ రచయితల) రచనలకు ఆ కాలపు పండితుడు ఎరాస్మస్ సంపాదకత్వం వహించిన సంపుటం అది. ముఖపత్రం మీద ఆయన పేరుని ఎవరో సిరాతో కొట్టేశారు, లోపల ఆయన వ్యాఖ్యల్లోనూ కొన్ని వాక్యాలు అలాగే నల్లగా మాపేశారు. కాథలిక్ ప్రాంతాల్లో ఆయన రాతల మీద నిషేధం వచ్చినప్పుడు పుస్తకాన్ని తగలబెట్టకుండా దాచుకోవడానికి చేసే పని అది. ఏ పంక్తి కొట్టేశారు, దేన్ని వదిలేశారు అన్నది పుస్తకం మొత్తం ఒకచోట ఉంటేనే తెలుస్తుంది.

మీరు దేన్నైనా చూసి ఉంటే ముఖపత్రం, చివరి పుట, సిగ్నేచర్లు కనిపించేలా ఫోటోలు పెట్టండి, కలిసి లెక్కపెడదాం.